భూమి యెవరి స్వము?



నాలుగు పురుషార్థములలో రెండవదైన అర్థమును గూర్చి నేడు ప్రసంగింపవలెనని ధర్మకర్తలు కోరిరి. వేదపాఠశాలలో చదువుకొన్నవారికి ధనపు లెక్కలతో నేమి పని యని సభలో కొందరు అనుకొనవచ్చును. అట్లనుకొనుటలో తప్పు లేదు. వడ్డీరేట్లు, వాటాల ధరలు మేము చెప్పలేము. ఐనను మీమాంస చదివినవారికి ఒక యలవాటు అబ్బును. ఏ వాక్యమును విన్నను అందు పలికిన మాటలకంటె పలుకక విడిచిన మాటను ముందుగా వెదకుదురు. ఆ విడిచిన మాటను చేర్చుకొనుటకు అధ్యాహారమని పేరు. ఒకడు "తలుపు" అనును. వినువాడు "వేయుము" అను మాటను తానే చేర్చుకొని, లేచి తలుపు వేయును. చేర్చుకొన్న సంగతి వానికే తెలియదు.

ఆర్థికశాస్త్రవాక్యములలో మనము తెలియకుండ చేర్చుకొనుచున్న మాటలేవి? వానిని పరీక్షించియే చేర్చుకొనుచున్నామా? ఇదియే నేటి విచారము. నైయాయికులు దీనికి మఱియొక పేరు పెట్టిరి. పరీక్షింపకయే ఒక సంగతిని ఒప్పుకొని, దానిపై తక్కిన విశేషములను విచారించినచో దానిని అభ్యుపగమసిద్ధాంత మందురు. అట్లు ఒప్పుకొనుట దోషము కాదు. ఒప్పుకొన్నామన్న సంగతిని మఱచుట దోషము.

గృహస్థులు ముహూర్తముల కొఱకు మా యొద్దకు వచ్చుచుందురు. వివాహముహూర్తములు, గృహప్రవేశముహూర్తములు ఎప్పుడును ఉన్నవే. ఈ యిబ్రహీంపట్నము చుట్టుపట్ల ఇటీవల రిజిస్ట్రేషను ముహూర్తములు హెచ్చినవి. వచ్చినవారిలో వయసు మీఱినవారు తఱచుగా ఇట్లడుగుదురు: "అయ్యగారూ, నాలుగెకరాలున్నది. ఏడాదంతా కష్టపడ్డా పంట మీద మిగిలేది ఇంతే. అమ్మి బ్యాంకులో వేస్తే కూర్చున్నచోటనే అంతకు ఎన్నో రెట్లు వడ్డీ వస్తదని పిల్లలంటున్నరు. అమ్మకుంటే మేము తెలివితక్కువోళ్లమా?"

పిల్లల లెక్కలో తప్పు లేదు. గుణకారము సరియైనదే. కాని ఆ లెక్క మొదలగుటకు ముందే కొన్ని మాటలు ఒప్పుకొనబడినవి. చేనును, బ్యాంకులోని సొమ్మును ఒకే కొలపాత్రతో కొలవవచ్చుననుట యొకటి. నాది యన్నదంతయు అమ్మదగినదే యనుట వేఱొకటి. నిర్ణయించు "నేను" ఒంటరివాడనియు, తండ్రితాతలకుగాని పుట్టబోవు మనుమలకుగాని ఆ నిర్ణయములో మాట లేదనియు అనుట ఇంకొకటి. ఈ మూడింటిని పిల్లలు కనిపెట్టలేదు. చదువుకొన్న చదువు వారికి వీనిని నూఱిపోసినది.

ఆ చదువు మూలములను కొంచెము చూతము. 1776లో ఆడమ్ స్మిత్ జాతుల సంపదను గూర్చి మహాగ్రంథము వ్రాసెను. ఆయన నీతిశాస్త్రోపాధ్యాయుడు. అంతకు పదునేడేండ్లు ముందు, 1759లో, పరుల సుఖదుఃఖములకు మానవహృదయము ఎట్లు స్పందించునో వివరించుచు వేఱొక గ్రంథము వ్రాసియుండెను. కావున ఆయనను ఉత్త స్వార్థవాది యనుట న్యాయము కాదు. వెనుక వచ్చినవారు సంపదగ్రంథమును చేతబట్టి నీతిగ్రంథమును అటకయెక్కించిరి. 1881లో ఎడ్జ్‌వర్త్ అను పండితుడు, ప్రతివ్యక్తియు స్వప్రయోజనముచేతనే ప్రవర్తించుననుట ఈ శాస్త్రమునకు ప్రథమసూత్రమని విస్పష్టముగా వ్రాసెను. ఆ సూత్రమునే పట్టుకొని 1977లో అమర్త్యసేన్, ఇట్టి మనుష్యుడు లోకవ్యవహారమున తెలివిగల మూఢుడగునని విమర్శించెను. 1932లో లండనులోని రాబిన్స్ ఈ శాస్త్రమునకు ఒక లక్షణము చెప్పెను. మానవుని ప్రయోజనములు అనేకములు, సాధనములు పరిమితములు, వానిని అనేకవిధముల వినియోగింపవచ్చును, ఆ వినియోగమున మానవుడు ఎట్లు ప్రవర్తించునో పరిశీలించుటయే ఈ శాస్త్రము. ఆ ప్రయోజనము మంచిదా చెడ్డదా యని అడుగుట దీని పని కాదనియు ఆయన చెప్పెను. రాబిన్స్ నిజాయితీపరుడు. తన చేని గట్టును తానే గీచెను. ఆ గట్టును చదువరులు మఱచుటవలన చిక్కు వచ్చినది.

మన కౌటిల్యుని గ్రంథమునకును అర్థశాస్త్రమనియే పేరు. మైసూరు పండితుడు శామశాస్త్రి దానిని 1909లో ముద్రించువఱకు లోకమునకు పేరు మాత్రమే తెలిసియుండెను. కడపటి యధికరణమున కౌటిల్యుడు అర్థమునకు లక్షణము చెప్పెను. మనుష్యుల జీవనవృత్తి అర్థము. మనుష్యులతో కూడిన భూమి అర్థము. అట్టి భూమిని పొందుటకును పాలించుటకును ఉపాయము చెప్పునది అర్థశాస్త్రము. రాబిన్స్ లక్షణమున భూమి లేదు, మనుష్యులకూటమి లేదు. కౌటిల్యుని లక్షణమున అవి లేకున్న అర్థమే లేదు. కౌటిల్యుడు సాధువు కాడు, ఆ సంగతి అందఱికిని తెలియును. ఐనను భూమిని మనుష్యులనుండి విడదీసి ఆలోచించుట ఆయనకు కూడ తోచలేదు.

ఇక అసలు మాటకు వత్తము. స్వార్థము, స్వప్రయోజనము, స్వాధీనము అనుచున్నాము. ఈ "స్వ" యనగా నేమి? అమరకోశము చిన్ననాడు వల్లించినవారికి తెలియును, ఈ శబ్దమునకు నాలుగర్థములు: తాను, తనవాడు లేక తనది, జ్ఞాతి, ధనము. నాలుగింటికి ఒకే శబ్దము గనుక ఏది ఎక్కడ చెప్పబడినదో విచారింపక తప్పదు. ఆ విచారమును జైమినిమహర్షి పూర్వమీమాంస ఆఱవ యధ్యాయమున, ఏడవ పాదమున చేసెను. సందర్భము విశ్వజిద్యాగము. ఆ యాగము చేయువాడు తన సర్వస్వమును దక్షిణగా ఇయ్యవలెనని విధి. సర్వస్వమనగా స్వమంతయు. అట్లయినచో తల్లిదండ్రులను కూడ ఇయ్యవలెనా? వారును "స్వ" శబ్దమునకు అర్థమే కదా యని పూర్వపక్షము. నవ్వుకొనవలదు. మీమాంసకులు నవ్వు వచ్చు ప్రశ్నను కూడ విడువరు; విడిచినచో అదియే కొన్నాళ్లకు సిద్ధాంతమై కూర్చుండునని వారికి తెలియును. సిద్ధాంతమేమనగా, దేనిపై దాతకు ప్రభుత్వము కలదో దానినే ఇయ్యవచ్చును. తండ్రి నావాడే కాని నా ప్రభుత్వమునకు లోబడిన వస్తువు కాడు.

ఈ కథయే కఠోపనిషత్తు ఆరంభమున కలదు. వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయుచుండెను. అది విశ్వజిద్యాగమని శంకరభగవత్పాదుల భాష్యము. ముసలియావులను ఇచ్చుచుండగా చూచి కుమారుడు నచికేతుడు తండ్రిని అడిగెను, నన్నెవరికిత్తువని. ఒకసారి కాదు, మఱల మఱల అడిగెను. మేము ఆ ప్రశ్నను ఇట్లర్థము చేసికొందుము: నీ స్వములో నేనును చేరుదునా? తండ్రికి కోపము వచ్చెను. జవాబు లేనిచోట వచ్చు కోపమది.

వెంటనే జైమిని రెండవ ప్రశ్న వేసెను. విశ్వజిత్తు చేయువాడు సార్వభౌముడైనచో భూమిని దానము చేయవచ్చునా? వలదని సిద్ధాంతము. భూమి యందఱికిని సమానము. దానిపై ఒకనికి విశేషాధికారము లేదు. భాష్యకారుడైన శబరస్వామి చక్కని భేదము చూపెను. మనుష్యులు పొలములకు యజమానులై యుండుట లోకమున కనబడుచున్నది. భూగోళమంతటికి యజమానియైనవాడు ఎక్కడను కనబడుట లేదు. మాధవాచార్యులు న్యాయమాలావిస్తరమున దీనిని ఇంకను తేటపఱచిరి. రాజుయొక్క పని దుష్టశిక్షణము, శిష్టరక్షణము. భూమి మాత్రము తమ తమ కర్మఫలము ననుభవించు ప్రాణులందఱి సాధారణధనము. పొలమును ఇయ్యవచ్చును, భూమిని ఇయ్యరాదు.

పొలము వేఱు, భూమి వేఱు. ఈ భేదమును కోల్పోయినందున కలిగిన నష్టము పుస్తకములకే పరిమితము కాలేదు. ఔరంగజేబు కాలమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్, ఇచ్చటి నేలయంతయు రాజుదేయని వ్రాసెను. 1817లో జేమ్స్ మిల్ తన భారతచరిత్రలో ఆ మాటనే సిద్ధాంతముగా నిలిపెను. అదే సంవత్సరమున రికార్డో భూమిశిస్తును గూర్చి తన వాదమును ప్రకటించెను. మంచి నేలకు, చౌడునేలకు గల తేడావలన పుట్టు మిగులే రెంటు. దానికి సేద్యగాని శ్రమ కారణము కాదు. రెండు వాదములను జతపఱచినచో ఏమగును? నేల రాజుది; మిగులు సేద్యగానిది కాదు; కావున మిగులంతయు సర్కారుదే. కంపెనీవారి శిస్తుల వెనుక ఈ తర్కము పనిచేసినది. 1826లో కోల్‌బ్రూక్ విశ్వజిదధికరణమును ఇంగ్లీషులో వివరించి, భూమి రాజుది కాదని భారతీయశాస్త్రకారులే నిర్ణయించిరని చూపెను. అప్పటికి శిస్తు నిర్ణయములు కాగితములకెక్కినవి. ఒక అధ్యాహారపదము తప్పుగా చేర్చుకొన్నందుకు లక్షల కుటుంబములు పన్ను కట్టినవి.

స్వాతంత్ర్యానంతరమును ఆ చిక్కు పూర్తిగా విడలేదు. 1894 నాటి భూసేకరణచట్టము 2013 చట్టము వచ్చువఱకు నడచినది. మన యాచారము, కందుకూరు ప్రాంతములలో ఔషధనగరము పేరిట భూసేకరణ జరుగగా, కొందఱు రైతులు న్యాయస్థానముల కెక్కిన సంగతి మీకు తెలియనిది కాదు. దాని మంచిచెడ్డలను తీర్పు చెప్పుట మా పని కాదు. ఆ చట్టములలో ఒక మాట మాత్రము మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది. భూమికి మార్కెటు విలువ కట్టుదురు. కట్టిన పిమ్మట, దానిపై సొలేషియమను పేర మఱికొంత ఇత్తురు. 1894 చట్టమున అది నూటికి 15. 1984 సవరణలో 30 చేసిరి. 2013 చట్టమున 100 చేసిరి. సొలేషియమనగా ఓదార్పు. ఎవరినైన ఓదార్చుట ఎప్పుడు? పోయినదానికి సరిపడ తిరిగి రానప్పుడు. సంతలో ఎద్దును అమ్మినవానికి ధర ఇచ్చి పంపుదుము. ఓదార్పుసొమ్మని పైన ఇయ్యము. ధరయే వస్తువునకు సమానమైనచో ఓదార్పు ఎందులకు? ఇష్టము లేనివానియొద్ద తీసికొనుచున్నాము గనుక ఇచ్చుచున్నామని న్యాయవాదులందురు. అదియే మేమును చెప్పుచున్నది. ధరలో పట్టని దేదియో భూమిలో కలదని చట్టమునకు తెలియును. ఎంత కలదో తెలియదు. పదునైదు, ముప్పది, నూఱు అని పెంచుకొనుచు పోవుటయే అందుకు సాక్ష్యము. శాస్త్రము ఒప్పుకొననిదానిని శాసనము ఒప్పుకొన్నది.

ఈ సంగతి పాశ్చాత్యులకు తట్టలేదని మేము చెప్పము. 1944లో కార్ల్ పొలాన్యి అను పండితుడు, అమ్మకము కొఱకు తయారుచేయబడినదే సరకు అని లక్షణము చెప్పి, భూమి, మనుష్యుని శ్రమ, ద్రవ్యము ఈ మూడును సరకులు కావనియు, సరకులని కల్పించుకొన్నామనియు వ్రాసెను. విశ్వజిదధికరణమును ఆయన చదివియుండడు. ఐనను సరిగా అదే మెట్టు మీద నిలుచుండెను.

ఇక్కడ ముహూర్తశాస్త్రములోని యొక వింతను చెప్పవలెను. రామదైవజ్ఞుడు కాశిలో రచించిన ముహూర్తచింతామణిలో, కొనుటకు చెప్పిన నక్షత్రములు అమ్ముటకు పనికిరావు. అమ్ముటకు చెప్పినవి కొనుటకు పనికిరావు. కాని రిజిస్ట్రేషను కచేరీలో కొనువాడును అమ్మువాడును ఒకే గడియలో, ఒకే కాగితముపై చేవ్రాలు చేయుదురు! ఇద్దఱును ముహూర్తమడిగినచో జ్యోతిష్కుడేమి చేయవలెను? ఆర్థికశాస్త్రము మాత్రము, ఇష్టపూర్వకమైన ప్రతి వినిమయములోను ఇరుపక్షములకును లాభమే యనును. లాభము లేకున్న ఎవడేల ఒప్పుకొనునని వారి యుక్తి. యుక్తి బలమైనదే. కాని ఇందులోను "ఇష్టపూర్వకముగా" అను మాటలో చాల సంగతులు అణగియున్నవి. బిడ్డ పెండ్లికి, ఆసుపత్రి ఖర్చునకు అమ్మినవాని ఇష్టమును, పది ప్లాట్లు కొని తాళము వేసి యుంచువాని ఇష్టమును ఒకటిగా లెక్కించుట ఎట్లు? ముహూర్తకారుడు ఇద్దఱి తారాబలమును వేఱువేఱుగా చూడుమనెను.

ధర పెరుగుట సంగతి కూడ విచారింపదగినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయరహదారి 2018 నాటికి పూర్తియైనది. ఆదిబట్లలో విమానభాగముల కర్మాగారములు, సాఫ్ట్‌వేరు సంస్థలు వచ్చినవి. ఇక్కడి యెకరము ధర ఎన్నో రెట్లు పెరిగినది. పొలము ఒక గింజయైనను అధికముగా పండలేదు. పెరిగినది దేని విలువ? రహదారి వేసిన ప్రజాధనము, కర్మాగారములలో పనిచేయువారి శ్రమ, నగరము మీది ఆశ, ఇవన్నియు కలిసి మన చేని మీద కూర్చున్నవి. 1879లో అమెరికా దేశస్థుడు హెన్రీ జార్జ్, ఇట్టి పెరుగుదల సంఘమునకు చెందవలెనని వాదించి పేరుపొందెను. మన కౌటిల్యుడు మూడవ యధికరణములో ఈ విషయమున ఒక నియమము చేసెను. భూమిని అమ్మదలచినవాడు మొదట జ్ఞాతులకు, పిమ్మట పొరుగువారికి, పిమ్మట అప్పిచ్చినవారికి ఆ క్రమమున అవకాశమియ్యవలెను. పొరుగువారి యెదుట బహిరంగముగా ధర చాటవలెను. కొనువారి పోటీవలన ధర పెరిగినచో ఆ పెరిగిన భాగము సుంకముతో కూడ ఖజానాకు చేరవలెను. నేడీ నియమమును అమలుపఱపుమని మేము కోరుట లేదు. కోరినచో సభ సగము ఖాళీయగును! కాని పొలమును అమ్ముట కేవలము ఇద్దఱి నడిమి వ్యవహారము కాదని ఆయన ఎఱుగును. "స్వ" శబ్దపు నాలుగర్థములలో జ్ఞాతి యొకటి గదా. జ్ఞాతిని మొదట పిలిచెను.

మనకు దూరము కాని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే యెదుట కొందఱు హరిజనులు ఎనుబది యెకరములు కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములిచ్చిరి. ఎడ్జ్‌వర్తు ప్రథమసూత్రముతో ఆ దినమును వివరింపవలెనన్న, కీర్తి కొఱకు ఇచ్చెననియో భయముచేత ఇచ్చెననియో చెప్పవలెను. అట్లు చెప్పినవారును కలరు. ఏ పని చేసినను దాని వెనుక స్వార్థమే కలదని ముందే ఒప్పుకొన్నచో, ఆ వాదమును త్రోసివేయగల సాక్ష్యము లోకములో దొరకదు. అనుకూలముగాగాని ప్రతికూలముగాగాని దృష్టాంతము చూపుటకు వీలులేని హేతువును మన తార్కికులు హేత్వాభాసములలో చేర్తురు. అనుపసంహారియని దానికి పేరు.

ఇప్పుడు మన పెద్దచెరువు వద్దకు వత్తము. ఈ యూరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వఱకు రాజ్యము చేసెను. చెరువును ఆ కాలమునాటిదే. మన పెద్దలు చెరువును సప్తసంతానములలో లెక్కించిరి; పుత్రునితో, దేవాలయముతో సమానముగా. ఆస్తిగా కాదు, సంతానముగా. పోరుమామిళ్లలో భాస్కరభవదూరుడు 1369లో వేయించిన శాసనమున చెరువునకు కావలసిన పండ్రెండు అంగములు, పనికిరాని ఆఱు దోషములు చెప్పబడినవి. ఆ పండ్రెండింటిలో మొదటివి మట్టియు రాయియు కావు. ధర్మవంతుడైన రాజు, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు.

చెరువు ఎవరి స్వము? ఆయకట్టు రైతు మడి అతనిది. మడికి నీరు తెచ్చు కాలువ అతనొక్కనిది కాదు. తూము విప్పు నీరటి జీతము అందఱిది. పైనుండి వాననీటిని చెరువునకు చేర్చు వాగు, దాని దారిలోని ఎవరెవరి పొలములగుండనో వచ్చును. 1968లో హార్డిన్ అను శాస్త్రజ్ఞుడు, అందఱిదైన మేతబీడు తప్పక పాడగుననియు, ప్రతివాడును తన పశువునొకదానిని అధికముగా తోలుననియు వాదించెను. అందులోని పసులకాపరులు ఒకరితో నొకరు మాటలాడరు! మన పల్లెలను చూడనివాడు చెప్పు దృష్టాంతమది. రాబర్ట్ వేడ్ అను పండితుడు మన కర్నూలు జిల్లా పల్లెలను పరిశీలించి 1988లో గ్రంథము ప్రకటించెను. ఆ కాలువక్రింది గ్రామములు సర్కారు చెప్పకయే ఉమ్మడినిధిని పెట్టుకొని, నీరు పంచువారికి, చేలు కాచువారికి జీతమిచ్చుచుండెనని ఆయన చూపెను. ఉమ్మడిసొత్తును జనులు తామే కాచుకొనగలరని అనేకదేశముల సాక్ష్యములతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రమున నోబెల్ పురస్కారము లభించినది. ఆ పురస్కారమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

కావున ఆ నాలుగెకరముల గృహస్థునకు మేమిచ్చు జవాబిది. పొలము నీది. అమ్ముకొనుట నీ యధికారము, శబరస్వామియే ఒప్పుకొనెను. అవసరమై అమ్మినవానిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు. అమ్మకుండుట తెలివితక్కువతనమును కాదు. పిల్లల లెక్కలో పట్టనివి చాల కలవు. కాని కాగితముపై చేవ్రాలు చేయుటకు ముందు ఆ చేనిలోనుండి చెరువునకు పోవు వాననీటి కాలువ కలదేమో చూడుము. అది నీ దస్తావేజులో ఉండవచ్చును. నీ స్వములో లేదు. దానిని పూడ్చి ప్లాట్లు చేయువానికి నీవు అమ్మజాలవు, ఏలయనగా అది నీకు ఎన్నడును లేదు. శిఖంభూమి సంగతియు అంతే. 2020లో భూముల కంప్యూటరు పట్టికకు ధరణియని పేరు పెట్టిరి. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పేర్లు రెండును చక్కనివే. కాని పట్టికలోనికెక్కునది సర్వేనంబరు; భూమి కాదు.

పిల్లలతో కూర్చుండి మాటలాడుము. వారి లెక్కను కాదనవలదు. ఆ లెక్కకు ముందు ఏమేమి ఒప్పుకొన్నారో వారినే అడుగుము. జ్ఞాతులకు, గట్టు పొరుగువారికి ముందుగా తెలుపుము. వారు కొనలేకపోవచ్చును. అయినను తెలుపుము.

రాజు యుద్ధములో గెలిచిన దేశమున ప్రజల పొలములు ఎవరివను ప్రశ్నను నీలకంఠభట్టు వ్యవహారమయూఖమున ఈ విశ్వజిదధికరణముతోనే పరిష్కరించెను. గెలిచినవానికి పన్ను మాత్రమే దక్కునని ఆయన తేల్చిన తీరును రేపటి యుపన్యాసమున విచారింతము.